‘బైండింగ్ ఆఫ్ ఐజాక్’ తొమ్మిదో తరగతి పిల్లాడికి కొనివ్వొచ్చా? ఆడినవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు చెప్పండి

మిర్చియార్డ్ అమ్మ (గుంటూరు)

అందరికీ నమస్తే. మా బాబుకి పద్నాలుగేళ్ళు, తొమ్మిదో తరగతి. స్టీమ్ అనే ఆన్‌లైన్ ఆటల దుకాణంలో ‘ది బైండింగ్ ఆఫ్ ఐజాక్: రీబర్త్’ అనే ఆటని విష్‌లిస్టులో పెట్టుకుని, సేల్ వచ్చింది కొనిపెట్టమ్మా అని వెంటపడుతున్నాడు. యూట్యూబ్‌లో ఎవరో ఆడుతుంటే ఇప్పటికే చాలా చూశాడు. నేనూ ఒక వీడియో పెట్టి చూశాను. పెద్ద తల, ఒంటి మీద బట్టల్లేని చిన్న పిల్లాడు ఏడుస్తూ గదిగదీ తిరుగుతుంటాడు. ఆ కన్నీటి చుక్కలే వాడి తూటాలు. చుట్టూ ఈగలు, పురుగులు, మలం కుప్పలు. బొమ్మలు మాత్రం కార్టూన్‌లా ముద్దుగా ఉన్నాయి. మావాడు పడీ పడీ నవ్వుతున్నాడు. నాకు నవ్వు రాలేదు, అలాగని భయమూ వేయలేదు. అసలు ఇదేమిటో అంతుపట్టలేదు.

కథేంటని అడిగితే, “వాళ్ళమ్మ వాణ్ణి చంపడానికి వస్తుందమ్మా, వాడు నేలమాళిగలోకి దూకి పారిపోతాడు” అన్నాడు. తల్లి ఎందుకు చంపుతుందిరా అంటే, దేవుడు చెప్పాడని అట. మాది ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే ఇల్లు. ఐజాక్ అంటే మన ఇస్సాకే అని అప్పుడు వెలిగింది. మా అత్తయ్యకి తెలిస్తే ఊరుకోరు.

17+ అని రేటింగ్ ఉన్న సంగతి చూశాను. ఆ అంకె వెనక ఏముందో తెలుసుకోవాలని అడుగుతున్నాను. ఇందులో పిల్లలకి నవ్వొచ్చేది ఏముంది? పద్నాలుగేళ్ళవాడి మనసుకి అది తగునా?

ఓరుగల్లు గేమర్ (వరంగల్)

అక్కా, డిగ్రీ చదివే రోజుల నుంచి ఈ ఆట ఆడుతున్నాను. నాకు చాలా ఇష్టమైన ఆట. అందుకే ఏదీ దాచకుండా చెప్తాను.

2011 సెప్టెంబర్‌లో ఎడ్మండ్ మెక్‌మిలన్, ఫ్లోరియన్ హిమ్సల్ అనే ఇద్దరు కలిసి మొదటి ఆటని విడుదల చేశారు. మీ బాబు అడుగుతున్నది 2014 నవంబర్‌లో కొత్తగా కట్టిన రూపం. దానికి అదనపు భాగాలు ఉన్నాయి, చివరి పెద్దది 2021లో వచ్చిన ‘రిపెంటెన్స్’. వాటికి విడిగా డబ్బులు కట్టాలి. అవి తప్ప ఆట మధ్యలో డబ్బులు గుంజే వ్యవహారం ఏమీ లేదు. ఫోన్ ఆటల్లాగా స్కిన్‌లు (పాత్రలకి వేసే వేషాలు) కొనడం, డబ్బులు పెట్టి పెట్టెలు తెరవడం ఉండదు. ఆ విషయంలో మీరు నిశ్చింతగా ఉండొచ్చు.

గదులు ప్రతిసారీ కొత్తగా అమరుతాయి. చస్తే మళ్ళీ మొదటికే. బేస్‌మెంట్ నుంచి గుహల్లోకి, ఇంకా లోతుకి, చివరికి తల్లి గర్భంలోకి దిగాలి. మధ్యలో అమ్మతోనే యుద్ధం. ఆమె మనిషిగా పూర్తిగా కనపడదు. తలుపులోంచి ఒక కన్ను, ఒక చెయ్యి, పైనుంచి హైహీల్స్ వేసుకున్న పెద్ద కాలు. ఆ కాలు కిందపడి నలిగి చావకుండా తప్పించుకోవాలి.

నవ్వు ఎక్కడుందో ఒక్క ఉదాహరణ చెప్తాను. దారిలో దొరికే శక్తుల్లో చాలావరకు ఇంట్లో వస్తువులే. అమ్మ చెక్క గరిటె దొరికితే పిల్లాడి వేగం పెరుగుతుంది. బెల్టు దొరికినా వేగమే పెరుగుతుంది. మొదటిసారి చూస్తే గరిటెతో వేగమేంటని నవ్వొస్తుంది. చాలాసార్లు ఆడాక ఒకరోజు తట్టింది: గరిటె, బెల్టు పట్టుకుని అమ్మ వెంటపడితే పిల్లాడు ఏం చేస్తాడు? పరిగెత్తుతాడు. ఈ ఆటలో నవ్వంతా ఈ తరహాదే. పైకి పిచ్చి చేష్ట, కింద ఒక దెబ్బ.

దాచకుండా చెప్తానన్నాను కాబట్టి మిగతావి కూడా: రక్తం చాలా ఉంటుంది. ముక్కలైన శరీరాలు, గర్భస్థ పిండాల్లాంటి శత్రువులు ఉంటారు. సిరంజీలు, మాత్రలు శక్తులుగా దొరుకుతాయి. సైతానుతో బేరం పెట్టే గది ఉంది, అక్కడ వెల ప్రాణమే. ఆత్మహత్య పేరున్న ఒక పేకముక్క ఉంది, వాడితే పిల్లాడు చచ్చిపోతాడు. బూతు మాటల రొద మాత్రం లేదు.

డల్లాస్ నాన్న (టెక్సాస్)

మేడమ్, మా ఇంట్లోనూ ఇద్దరు టీనేజర్లున్నారు. నా మాట సూటిగా చెప్తాను: వద్దు.

ఆ 17+ గాలిలోంచి ఊడిపడలేదు. 1993లో అమెరికా సెనేట్‌లో హింసాత్మక వీడియో గేమ్‌ల మీద విచారణలు జరిగాయి. ఆ ఒత్తిడితో పరిశ్రమే 1994లో ఈఎస్‌ఆర్‌బీ అనే రేటింగ్ సంస్థను పెట్టుకుంది. ఆటలో అన్నిటికంటే తీవ్రమైన దృశ్యాలేవో తయారీదారు వీడియోగా అప్పగించాలి, వాటిని చూసి రేటింగ్ ఇస్తారు. టీ అంటే 13 దాటినవాళ్ళకి, ఎం అంటే 17 దాటినవాళ్ళకి. ఈ ఆటకి ఎం ఇచ్చారు. యూరప్‌లో ఇలాంటి రేటింగ్ సంస్థే అయిన పెగీ 16 ఇచ్చింది. అటూ ఇటూ ఒక ఏడాది తేడా తప్ప, రెండు చోట్లా పద్నాలుగేళ్ళవాడికి కాదనే చెప్పారు.

కంపెనీలు కూడా తడబడ్డాయి. 2012లో నింటెండో, మతపరమైన అంశాల వల్ల ఈ ఆట తన 3డీఎస్‌లో (చేత్తో పట్టుకుని ఆడే యంత్రంలో) వద్దంది. 2015 వచ్చేసరికి అదే నింటెండో రీబర్త్‌ని తీసుకుంది. 2016 ఫిబ్రవరిలో ఆపిల్, పిల్లల మీద హింస చూపిస్తోందని తిప్పికొట్టింది. 2017 జనవరికి ఐఫోన్‌లో వచ్చేసింది. ఆటలో ఉన్నది అదే. మారింది అమ్మేవాళ్ళ అభిప్రాయం. అందుకే దుకాణంలో దొరుకుతోంది కదా అన్న ధైర్యం పనికిరాదు.

ఇండియాలో వీడియో గేమ్‌లకి సినిమాలకున్న సెన్సార్ బోర్డు లాంటిది లేదు. 2025లో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం డబ్బు పందేల ఆటల మీద పడింది, కథలో ఏముందన్న దాని జోలికి పోలేదు. స్టీమ్ పుట్టినతేదీ అడుగుతుంది, ఏది కొట్టినా తలుపు తీస్తుంది. ఇక మిగిలిన గేటు తల్లిదండ్రులే.

సండేస్కూల్ అక్క (నర్సాపురం)

బైబిల్లో ఆదికాండము 22వ అధ్యాయం నేను ఏటా పిల్లలకి చెప్తాను కాబట్టి నాకు తోచింది రాస్తున్నాను.

వాక్యంలో, కొడుకు ఇస్సాకును బలి ఇమ్మని దేవుడు అడిగితే అబ్రాహాము కత్తి ఎత్తాడు, దూత ఆపాడు. పొదలో కొమ్ములు చిక్కుకున్న పొట్టేలు కనపడింది. ఆ కథకి ప్రాణం ఆ ఆపడంలోనే ఉంది. నేను మా అన్నయ్య కొడుకు దగ్గర ఈ ఆట మొదలు చూశాను. తల్లి టీవీలో క్రైస్తవ కార్యక్రమాలు చూస్తుంటుంది. ఒక స్వరం వినిపిస్తుంది. ముందు పిల్లాడి బొమ్మలు, బట్టలు తీసేస్తుంది. తర్వాత గదిలో పెట్టి తాళం వేస్తుంది. మూడోసారి కత్తి తీసుకుని వస్తుంది. దూత రాడు. పిల్లాడే గదిలో తివాచీ కింద తలుపు వెతుక్కుని దూకేస్తాడు. మగ్దలేనే, కయీను, యూదా, సమ్సోను, లాజరు... ఆడే పాత్రల్లో చాలావాటికి మన గ్రంథంలో పేర్లే. బైబిల్ కూడా ఒక వస్తువే. దాన్ని అమ్మ మీద వాడితే అమ్మ అక్కడికక్కడే చచ్చిపోతుంది. నాకు కడుపులో తిప్పింది. ఇది చూసి విశ్వాసులు బాధపడటం తప్పు కాదు.

అయితే ఒకటి చెప్పాలి. మా క్లాసులో ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒక పిల్లో పిల్లాడో అడుగుతారు: “కొండ దిగేటప్పుడు ఇస్సాకు వాళ్ళ నాన్నతో ఏం మాట్లాడాడక్కా?” గ్రంథంలో అది లేదు. కట్టెలు మోస్తూ ఎక్కేటప్పుడు, నిప్పు ఉంది, కట్టెలున్నాయి, గొర్రెపిల్ల ఏది నాన్నా అని అడిగినట్టుంది. దిగేటప్పుడు మాట లేదు. పిల్లలకి ఆ అనుమానం సహజంగానే వస్తుంది. ఆట తయారుచేసినవాడికీ అదే వచ్చి ఉంటుంది. ఆ అనుమానాన్ని మలం, రక్తంలో ముంచి ఇవ్వాలా అన్నదే నా బాధ. ఇంట్లో ఆ సంగతి మాట్లాడే పెద్దలుంటే ఆట అవసరం రాదు.

ఓరుగల్లు గేమర్ (వరంగల్)

సండేస్కూల్ అక్కా, మీ బాధ అర్థమైంది. మెక్‌మిలన్ మతం తెలియని మనిషి కాదు. వాళ్ళ కుటుంబంలో సగం క్యాథలిక్కులు, సగం బోర్న్ ఎగైన్ క్రైస్తవులని, ఆ రెండిటి మధ్య పెరిగిన అనుభవమే ఈ ఆట అని ఇంటర్వ్యూల్లో ఆయనే చెప్పాడు. మతం ఇచ్చిన భయమూ ఉంది, మతం ఇచ్చిన ఊహాశక్తీ ఉంది ఇందులో.

ఇక్కడి నుంచి ముగింపు చెప్పేస్తున్నాను. ఆడాలనుకునేవాళ్ళు తర్వాతి రెండు పేరాలు వదిలేయండి.

మొదటిసారి అమ్మని ఓడిస్తే, కత్తి ఎత్తిన అమ్మ తల మీద అలమరలోంచి బైబిల్ పడి ఆమె చచ్చిపోతుంది. దైవమే ఆపినట్టు. పిల్లాడు నవ్వుతాడు. మరుక్షణం ఆ బొమ్మ పోయి, వాడి గది తలుపు దగ్గర కత్తితో అమ్మ నీడ. అంటే ఇదంతా వాడు కాగితం మీద గీసుకున్న బొమ్మ. ఇలాంటి ముగింపులు ఇరవైకి పైనే ఉన్నాయి. వాటిని పేర్చుకుంటూ పోతే తెలిసేదేమిటంటే, అమ్మానాన్నలు గొడవపడ్డారు, నాన్న ఇల్లొదిలి పోయాడు, అదంతా తన పాపం వల్లేనని పిల్లాడు నమ్మాడు. తన బొమ్మల పెట్టెలో దూరి మూత వేసుకున్నాడు. రాక్షసులు, యుద్ధాలు అన్నీ ఆ పెట్టెలో ఊపిరాడని పిల్లాడి ఆలోచనలు. ఒక ముగింపులో తల్లి పెట్టె తెరిస్తే లోపల అస్థిపంజరం ఉంటుంది.

2021లో వచ్చిన చివరి ముగింపులో నాన్న గొంతు వినపడుతుంది. కథ ఇలాగే ముగించాలనుకుంటున్నావా అని పిల్లాణ్ణి అడిగి, ఇంకోలా మొదలుపెడతాడు. అక్కడ నేను ఏడ్చాను. అందుకే ఇది చెత్త ఆట అంటే ఒప్పుకోను. పద్నాలుగేళ్ళవాడికి ఇది మరీ ఎక్కువా అంటే, అది పిల్లాణ్ణి బట్టి.

డల్లాస్ నాన్న (టెక్సాస్)

తమ్ముడూ, నువ్వు చెప్పినదాన్ని బట్టే నా వాదన ఇంకా గట్టిపడింది. పెట్టెలో దూరి ఊపిరాడక చచ్చే పిల్లాడు! “పిల్లాణ్ణి బట్టి” అంటే ప్రతి అమ్మా నాన్నా మావాడు గట్టివాడే అనుకుంటారు. పిల్లల్ని బట్టి నిర్ణయించడం ఇళ్ళల్లో జరగని పని కాబట్టే వయసు గీత పెట్టారు. కళ అయితే కావచ్చు. పదిహేడుకి చూస్తాడు, అప్పటికి ఆట ఎక్కడికీ పోదు.

తెలుగు మాస్టారు (కర్నూలు)

హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా పాఠం చెప్తున్నాను. వీడియో గేమ్‌లు నాకు కొత్త. కానీ తండ్రి కొడుకుని చంపబోవడమనే కథ మనకి కొత్త కాదు.

ప్రహ్లాదుడి కథ పిల్లలకి ఎంత చిన్నప్పుడు చెప్తాం? ఐదేళ్ళకే. ఏనుగులతో తొక్కిస్తాడు, పాములతో కరిపిస్తాడు, విషం పెడతాడు, కొండ మీద నుంచి తోయిస్తాడు, మంటల్లో వేయిస్తాడు. చేసేది కన్నతండ్రి. సిరియాళుడి కథలో అయితే శివుడు జంగమ వేషంలో వచ్చి అడిగాడని తల్లీ తండ్రీ కలిసి కొడుకుని వండిపెడతారు. శ్రీనాథుడు దాన్ని హరవిలాసంలో కరుణ పొంగేలా రాశాడు. మన పిల్లలు ఇవి విని చెడిపోలేదు. కాబట్టి వస్తువు భయంకరమైనదని ఆటని తోసేయడం న్యాయం కాదు.

తేడా వేరేచోట ఉంది. ప్రహ్లాదుడి కథ వినే పిల్లవాడు ఒంటరిగా వినడు. పక్కన నాయనమ్మో, అమ్మమ్మో ఉంటుంది. “అప్పుడు ఏమైందంటే” అని ఆమె ఆగినప్పుడు పిల్లవాడి మొహం చూస్తుంది. భయపడితే నరసింహుణ్ణి కాస్త ముందే స్తంభంలోంచి రప్పిస్తుంది. ఆటలో ఆ మొహం చూసేవాళ్ళు లేరు. హెడ్‌ఫోన్ పెట్టుకుని తలుపు వేసుకుని ఆడతారు. పైగా గేమర్ బాబు చెప్పినట్టు, కథ తేలాలంటే పదే పదే చావాలి, పదే పదే అమ్మని కొట్టాలి. వినడానికీ, స్వయంగా చెయ్యడానికీ మధ్య దూరం ఉంది. నేను వయసుని అడగను. ఆ పిల్లవాడు ఏ గదిలో, ఎవరి పక్కన కూర్చుని ఆడతాడని అడుగుతాను.

ఇంటర్ ఫస్టియర్ (హనుమకొండ)

నాకు పదహారు. పోయిన ఏడాది నుంచి ఆడుతున్నాను. పెద్దవాళ్ళందరూ రక్తం గురించి, దేవుడి గురించి మాట్లాడుతున్నారు కాబట్టి నాది కూడా చెప్తాను.

రక్తం నాకు ఏమీ అనిపించలేదు. అంతా బొమ్మల రక్తమే, రెండో రోజుకే కంటికి ఆనదు. మలం జోకులు అయితే ఎనిమిదో తరగతి లెవెల్, మా ఫ్రెండ్స్ నవ్వేది వాటికే. నన్ను పట్టుకున్నది వేరే. ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకి దిగేటప్పుడు, మధ్యలో కొన్ని సెకన్లు ఐజాక్‌కి వచ్చే పీడకలలు చూపిస్తారు. ఒకదాంట్లో వాడి నిక్కరు లాగేస్తారు, చుట్టూ పిల్లలు వేళ్ళు చూపించి నవ్వుతారు. వాడు అక్కడే నిలబడి ఏడుస్తాడు. అంతే. ఆటలో అది భాగం కూడా కాదు, లోడింగ్ అయ్యేదాకా చూపించే బొమ్మ.

నేను ఎనిమిదిలో హాస్టల్లో ఉన్నాను. అక్కడ నాకు అలాంటిదే జరిగింది. ఇంట్లో చెప్పలేదు. ఆ బొమ్మ మొదటిసారి వచ్చినప్పుడు లాప్‌టాప్ మూసేశాను. కొన్నాళ్ళాగి మళ్ళీ ఆడాను. తర్వాత తర్వాత ఆ బొమ్మ వస్తే, ఇది తయారుచేసినాయనకి కూడా తెలుసు అనిపించేది. అది నాకు మంచే చేసింది. కానీ ఆ మొదటి రోజు మాత్రం మంచి చేయలేదు. రెండూ నిజమే.

రేటింగ్‌లో ఈ బొమ్మ గురించి ఎక్కడా లేదు.

పిల్లల కౌన్సెలర్ (విశాఖ)

హనుమకొండ తమ్ముడూ, ఇది ఇక్కడ రాసినందుకు మీరంటే గౌరవం కలిగింది. మీకు ఇష్టమైతే ఇంట్లో ఒక్కరికైనా చెప్పండి, అమ్మానాన్నలే కానక్కర్లేదు. ఎవరికీ చెప్పాలనిపించకపోతే టెలీ మానస్ 14416 ఉంది. ఉచితం, తెలుగులో మాట్లాడతారు, ఏ వేళైనా చేయొచ్చు.

మీరు రాసిన చివరి వాక్యం దగ్గరే నేను ఆగాను. రేటింగ్ చెప్పేది తెర మీద ఏముందో. రక్తం, బూతు, మత్తు పదార్థాలు, నగ్నత్వం లెక్కపెట్టి చెప్తుంది. ఆ పని బాగానే చేస్తుంది. తెర ముందు కూర్చున్న పిల్లవాడి లోపల ఏముందో దానికి తెలియదు. అది ఇంట్లోవాళ్ళకే తెలియాలి.

నా దగ్గరికొచ్చే పిల్లల్లో ఇలాంటి చీకటి హాస్యాన్ని ఇష్టపడేవాళ్ళు చాలామంది ఉంటారు. తల్లిదండ్రులు కంగారుపడి తీసుకొస్తారు. పదమూడు, పద్నాలుగేళ్ళకి చావు గురించి, అమ్మానాన్నల మీద కోపం గురించి, ఒంటి మీద సిగ్గు గురించి పిల్లలకి ఆలోచనలు వస్తాయి. నేరుగా అనలేనిదాన్ని నవ్వులోంచి అంటారు. అది ఆ వయసు పనే. దానికోసం పిల్లల్ని అనుమానించకండి.

నేను జాగ్రత్తపడేది ఒక్క విషయంలో. “ఇదంతా నా వల్లే” అని నమ్మే పిల్లలు. అమ్మానాన్నలు విడిపోయినా, ఇంట్లో ఎవరైనా చనిపోయినా, నాన్న ఎక్కడో దూరంగా ఉండి ఫోన్లు తగ్గినా, కొందరు పిల్లలు ఆ తప్పు తమ మీద వేసుకుంటారు. పైకి తెలియనివ్వరు. గేమర్ చెప్పిన కథలో ఉన్నది సరిగ్గా అదే. తప్పు నాది అనుకున్న పిల్లవాడు పెట్టెలో దూరాడు. అలాంటి నమ్మకం లోపల ఉన్నవాళ్ళకి ఈ ఆట నవ్వుగా మొదలై ఇంకోలా తగులుతుంది. దెబ్బలు తిన్నవాళ్ళు, వేధింపులు ఎదుర్కొన్నవాళ్ళు, తమని తాము గాయపరచుకునే ఆలోచన ఎప్పుడైనా వచ్చినవాళ్ళు... వీళ్ళ విషయంలో పదిహేడు నిండినా నేను ఆలోచిస్తాను. ఇవేవీ లేని పదిహేనేళ్ళ పిల్లవాడు, పెద్దవాళ్ళతో మాట్లాడే అలవాటున్నవాడు అయితే, అంత భయపడను.

గుంటూరు మేడమ్, బాబుని ఆటలో ఏముందని కాకుండా, అందులో నీకు ఏది నచ్చిందని అడిగి చూడండి. మధ్యలో సలహా ఇవ్వకుండా వినండి.

మోడరేటర్

ముగింపు గురించి రాసేవాళ్ళు గేమర్ గారిలా ముందే హెచ్చరిక పెట్టండి. హనుమకొండ సభ్యుడికి వ్యక్తిగత సందేశాలు పంపి వివరాలు అడగొద్దు. అలా అడిగిన ఒకరి ఖాతా ఆపేశాం.

మిర్చియార్డ్ అమ్మ (గుంటూరు)

అందరివీ రెండేసిసార్లు చదివాను. ముందుగా హనుమకొండ బాబూ, నువ్వు మా ఇంట్లో పిల్లాడిలాంటివాడివి. నీ మాట చదివాక నిద్ర పట్టలేదు.

కౌన్సెలర్ మేడమ్ చెప్పినట్టు రాత్రి అన్నాలయ్యాక అడిగాను. ఏది నచ్చిందిరా అంటే, కష్టంగా ఉంటుందమ్మా అన్నాడు. క్లాసులో ఇద్దరికి ఉంది, ఇద్దరూ అమ్మని దాటలేకపోయారట. తను దాటి చూపించాలట. సరే, ఆడే పిల్లల మాట అదేలే అనుకున్నాను. కాసేపాగి, ప్లేటులో మెతుకులు జరుపుతూ, “వాడికి నాన్న లేడమ్మా, ఎందుకు లేడో చివర్లో చెప్తారంట” అన్నాడు.

మా ఆయన కువైట్‌లో ఉంటారు. ఆరేళ్ళయింది. మధ్యలో వచ్చి వెళ్తుంటారు కానీ ఈమధ్య రావడం కుదరలేదు, ఫోన్లు కూడా తగ్గాయి. అక్కడ ఏవో ఇబ్బందులు. మేం పిల్లాడికి పూర్తిగా చెప్పలేదు. ఇంకేం రాయాలో తెలియడం లేదు.

సండేస్కూల్ అక్క (నర్సాపురం)

అమ్మా, ముందు ఆట సంగతి పక్కన పెట్టి, నాన్న ఎందుకు రాలేకపోతున్నాడో బాబుకి చెప్పండి. మా పశ్చిమ గోదావరి నుంచి గల్ఫ్ వెళ్ళిన ఇళ్ళు ఎన్నో చూశాను. పెద్దవాళ్ళు చెప్పని చోట పిల్లలు సొంతంగా కారణం కట్టుకుంటారు. ఎక్కువసార్లు ఆ కారణంలో వాళ్ళే దోషులుగా ఉంటారు.

పిల్లల కౌన్సెలర్ (విశాఖ)

అక్క మాటే నాదీ. వీలైతే ఆయన చేతే ఫోన్లో చెప్పించండి. డబ్బు లెక్కలు అవసరం లేదు. “నేను రాలేకపోవడానికి కారణం ఇది, నీకూ దీనికీ సంబంధం లేదు” అన్నది నాన్న నోటితో వింటే చాలు. ఆట నా దృష్టిలో ఇప్పుడు వద్దు. నిషేధం అని కాకుండా, ఇప్పుడు కాదు అని, ఎందుకో చెప్పి మరీ ఆపండి. కథ ఎలాగూ యూట్యూబ్‌లో దొరుకుతుంది, వాడు చూడొచ్చు కూడా. అందుకే ఆ ఫోను ముందుగా జరగాలి.

డల్లాస్ నాన్న (టెక్సాస్)

మేడమ్, మీ ఇంటి సంగతి చదివాక వాదన కంటే పనికొచ్చేవి రాద్దామనిపించింది.

స్టీమ్ ఫ్యామిలీస్ అని 2024లో వచ్చింది. మీ పేరు మీద పెద్దల ఖాతా, బాబుది పిల్లల ఖాతాగా చేర్చండి. ఏ ఆటలు తెరుచుకోవాలో మీరు ఒక్కొక్కటే అనుమతించవచ్చు. రోజుకి ఎంతసేపో గీత పెట్టొచ్చు. ఏదైనా కొనాలంటే వాడు మీకు అభ్యర్థన పంపుతాడు, మీరు చూసి సరే అంటేనే కొనుగోలు.

కొని రెండు వారాల లోపు, రెండు గంటలు మించి ఆడకుండా ఉంటే స్టీమ్ డబ్బు వెనక్కిస్తుంది. కొందరు తల్లిదండ్రులు దీన్నే పరీక్షగా వాడుకుంటారు. ఈ ఆట విషయంలో ఆ పరీక్ష చాలదు. రెండు గంటల్లో కనపడేది ఈగలు, రక్తం, మలం. తమ్ముడు చెప్పిన బరువైన సంగతులన్నీ పదుల గంటలు ఆడాక బయటపడేవి. ఇంకోటి, స్టీమ్ వర్క్‌షాప్‌లో అభిమానులు తయారుచేసి పెట్టే మాడ్‌లకి (ఆటలో మార్పుచేర్పులకి) రేటింగ్ ఉండదు. ఈఎస్‌ఆర్‌బీ చూసేది కంపెనీ అమ్మిన ఆటని మాత్రమే. రేపెప్పుడైనా కొనిచ్చినా మాడ్‌ల మీద ఒక కన్ను వేయండి.

ఓరుగల్లు గేమర్ (వరంగల్)

అక్కా, నేనూ కౌన్సెలర్ మేడమ్‌తోనే. ఇప్పుడు వద్దు. నాకు ఎంత ఇష్టమైన ఆటైనా సరే.

కానీ ఉత్తచేతులతో వద్దంటే వాడికి కష్టం, ఎందుకంటే వాడికి కావాల్సింది కష్టమైన ఆట, ఫ్రెండ్స్ ముందు గెలవడం. ‘హేడీస్’ చూడండి, 2020లో వచ్చింది. ఈఎస్‌ఆర్‌బీ టీ రేటింగ్, అంటే పదమూడు దాటినవాళ్ళకి. ఇదీ చస్తే మళ్ళీ మొదటికొచ్చే ఆటే. గ్రీకు పాతాళలోకపు రాజు కొడుకు తండ్రి ఇంటి నుంచి బయటపడాలని ప్రయత్నిస్తుంటాడు. చచ్చిన ప్రతిసారీ ఇంటికే వస్తాడు, అక్కడ తండ్రి వెటకారంగా ఒక మాట అంటాడు, మిగతావాళ్ళు పలకరిస్తారు. తండ్రీకొడుకుల గొడవే ఇదీ, అయితే ఇక్కడ పిల్లాడు ఒంటరి కాడు. ఓడిపోయి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు మాట్లాడతారు. కొంచెం మద్యం, సరసపు మాటలు ఉన్నాయి, చెప్పడం నా ధర్మం.

చీకటి హాస్యమే కావాలంటే ‘పోర్టల్ 2’. 2011లో వచ్చింది, పదేళ్ళు దాటినవాళ్ళకి అని రేటింగ్. ప్రయోగశాలలో మనిషిని పరీక్షల పేరుతో చంపాలని చూసే కంప్యూటర్ ఉంటుంది, అది తియ్యగా మాట్లాడుతూనే అవమానిస్తుంది. పజిల్స్‌తో బుర్ర వేడెక్కుతుంది. ఇద్దరు కలిసి ఆడే భాగం కూడా ఉంది, మీరు పక్కన కూర్చుని ఆడొచ్చు.

మియాపూర్ మమ్మీ (హైదరాబాద్)

ఇదే దారంలో ఒక్కటి అడగొచ్చా? మా పాపకి పదమూడు. ‘డోకి డోకి లిటరేచర్ క్లబ్’ అని ఉచితంగా వచ్చే ఆట, బడి పిల్లలు కవితలు రాసుకోవడం అంట. గులాబీ రంగు బొమ్మలు. ఫర్వాలేదా?

ఓరుగల్లు గేమర్ (వరంగల్)

వద్దక్కా. 2017లో వచ్చింది. ఉచితం కదా, బొమ్మలు ముద్దుగా ఉన్నాయి కదా అని మోసపోవద్దు. పిల్లలకి, తొందరగా కలతపడేవాళ్ళకి తగదని ఆట మొదట్లోనే హెచ్చరిక వస్తుంది. దాన్ని అక్షరాలా నమ్మండి. ఆత్మహత్య, తమని తాము గాయపరచుకోవడం నేరుగా చూపిస్తారు. పాప ఇప్పటికే ఆడేసి ఉంటే కోప్పడకుండా పక్కన కూర్చుని మాట్లాడండి.

మిర్చియార్డ్ అమ్మ (గుంటూరు)

అందరికీ ధన్యవాదాలు. నిన్న శుక్రవారం ఆయనకి సెలవు. వీడియో కాల్‌లో బాబుతో గంటకు పైగా మాట్లాడారు. నన్ను బయటికి వెళ్ళమన్నారు, వెళ్ళాను. ఏం మాట్లాడుకున్నారో అడగలేదు.

ఐజాక్ ఇప్పుడు కాదని చెప్పాను. ఎందుకని అడిగాడు. ఆ కథలో పిల్లాడు తప్పంతా తనదే అనుకుంటాడు, నువ్వు అలా అనుకుంటున్నావేమో అని నాకు భయమని చెప్పాను. ఏమీ అనలేదు. పదో తరగతి పరీక్షలయ్యాక మళ్ళీ మాట్లాడుకుందాం, అప్పుడు హాల్లో టీవీకి పెట్టి నా ముందు ఆడాలి అని ఒప్పందం. అత్తయ్యకి ఆట పేరు కూడా నేనే చెప్పాను. ఆవిడ కోప్పడలేదు. “ఇస్సాకు కథ నేను చెప్తాలే వాడికి, దిగేటప్పటిది కూడా” అన్నారు. ఏం చెప్తారో మరి.

హేడీస్‌కి సరే అన్నాడు. మా దగ్గర ఉన్నది పాత లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్. నడుస్తుందా?

ఓరుగల్లు గేమర్ (వరంగల్)

వాళ్ళు అడిగే కనీసం 4 జీబీయే అక్కా. కొనే ముందు లాప్‌టాప్ మోడల్ నంబర్ ఇక్కడ పెట్టండి, గ్రాఫిక్స్ ఏముందో చూసి చెప్తాను. నడవకపోతే రెండు గంటల లోపే తెలిసిపోతుంది, డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. సేల్ అయిపోయేలోపు చెప్పండి.